పూజ చేసిన అద్దం

ఫోను గంట కొట్టేసరికి పెనం మీద రొట్టె ఒకవైపే కాలింది. టోల్ మెసేజ్‌కు మాత్రమే ఆ గుడిగంట చప్పుడు వచ్చేలా కూతురు నేహా పెట్టి ఇచ్చింది కాబట్టి గుండమ్మ ఫోను తీసి చూడనక్కరలేదు. గంట కొట్టిందంటే బండి టోల్ గేటు దాటింది. గేటు దాటిందంటే భర్త రాచయ్య హైదరాబాద్‌లో పప్పు బస్తాలు దింపి, బీదర్‌లోని ఇంటికి తిరిగొస్తూ జహీరాబాద్ దరిదాపుల్లోకి వచ్చేశాడు. ఇంకా నాలుగు రొట్టెలు కొట్టి, పప్పుకు పోపు పెట్టి, గడప దగ్గర చెంబుతో నీళ్ళు ఉంచేంత వ్యవధి ఉంది. ఆమె చెయ్యి అలవాటుగా జొన్నపిండి డబ్బాలోకి పోయింది. రెండు పిడికిళ్ళు తీసి పళ్ళెంలో పోసి, ఉడుకునీళ్ళు వంపబోయి ఆగిపోయింది.

రాచయ్య ఇంట్లోనే ఉన్నాడు.

లోపలి గదిలో మంచం మీద రెండు దుప్పట్లు కప్పుకుని జ్వరంతో వణుకుతున్నాడు. బండి కూడా ఇంటి ముందే ఉంది. నీలం తాడిపత్రి నెత్తినుంచి కప్పుకుని, యజమాని ఎలా పడుకున్నాడో అదీ అలాగే పడుకుంది. గుండమ్మ చేతి పిండి దులుపుకోకుండానే వాకిట్లోకి వెళ్ళి చూసింది. ముందు చక్రానికి అడ్డం పెట్టిన రాయి పెట్టినచోటే ఉంది. బండి నీడలో కోడి ముడుచుకుని కూర్చుంది.

"నేహా, జర గిది సదువు బిడ్డా."

నేహా కాలేజీకి బయల్దేరుతోంది. జడ అల్లుకుంటున్న చేతిని వదలకుండా ఇంకో చేత్తో ఫోను అందుకుంది. "బండి నంబర్ మనదే అమ్మా. గేటు మనది కాదు. గిది ఉమర్గా దిక్కుది, సోలాపూర్ రోడ్డు."

"ఉమర్గా ఎట్ల పోతది? బండి ఈడనే ఉండె."

"నాకేం ఎర్క? మిషన్ తప్పు జేసిందేమో." నేహా ఫోను తల్లి చేతిలో పెట్టి, చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

గుండమ్మ పొయ్యి దగ్గర కూర్చుంది. రొట్టె మాడింది. హైదరాబాద్ తూర్పు, ఉమర్గా పడమర. పెళ్ళయిన నాటి నుంచి రాచయ్య ఏ బండి నడిపినా తూర్పుకే నడిపాడు. ఊళ్ళోని గాంధీ గంజ్ బజారులో కందిపప్పు ఎక్కించుకోవడం, హైదరాబాద్‌లో దింపడం, ఆ రోడ్డు తప్ప వాళ్ళ సంసారానికి ఇంకో రోడ్డు లేదు. పడమర ఏముందో ఆమె ఎన్నడూ అనుకోలేదు. ఇప్పుడు అనుకుంటే ఎందుకో గుండె కాస్త తేలిగ్గా కొట్టుకుంది.

"ఎవరు దాటిండ్రు?" లోపల్నుంచి రాచయ్య గొంతు.

"ఎవ్వరు లే. నువ్వు పండుకో."

"గంట ఇనొచ్చింది. కరోడ్గిరి నాకా వచ్చిందా? చిట్టీ తీసి పెట్టు."

ఆ మాట అతని తాత మాట. నిజాం కాలంలో ఎడ్లబండ్లు ఆపి సుంకం పట్టే చోటును ఆ ముసలాయన కరోడ్గిరి అనేవాడట. మామూలుగా ఉన్నప్పుడు రాచయ్య కూడా అందరిలా టోలనే అంటాడు. జ్వరం మాత్రం అతన్ని తాత బండిలో కూర్చోబెట్టింది. గుండమ్మ నవ్వుకుంటూ వెళ్ళి నుదుటి మీద తడిగుడ్డ మార్చింది.

మధ్యాహ్నం లోపు ఆ గంట మళ్ళీ కొట్టింది. ఎండ వాకిట్లోకి వచ్చాక ఇంకోసారి కొట్టింది. గుండమ్మ చిన్నప్పుడు దుబల్గుండిలో నాలుగో తరగతి దాకా కన్నడ చదివింది. ఇంగ్లీషు అక్షరం ఆమెకు గీతల కింద లెక్క. అందుకని ఏ ఊరో తెలియదు. నేహా వచ్చేదాకా ఆగాలి. ఆగుతూ ఆమె ఒక్కో గంటకు ఒక్కో ఊరు తానే కట్టుకుంది. మొదటి గంటకు ఎర్రమట్టి ఊరు, గుట్ట మీద పాత కోట. రెండో గంటకు పెద్ద బజారు, వరసగా దుప్పట్లు ఆరేసిన దండేలు. సోలాపూర్ దుప్పటి ఒకటి వాళ్ళింట్లో ఉంది కాబట్టి ఆ ఊరంతా దుప్పట్లే ఉంటాయని ఆమె నమ్మకం.

మనిషి నిద్రపోతున్నప్పుడు ప్రాణం బయట తిరిగొస్తుందని గుండమ్మ తల్లి చెప్పేది. అందుకే పడుకున్నవాళ్ళ ముఖానికి రంగు పుయ్యకూడదు, గుర్తుపట్టలేక ప్రాణం తిరిగిపోతుంది అనేది. గుండమ్మ వాకిలి ఊడుస్తూ బండి దాకా వచ్చి, తాడిపత్రి అంచు గాలికి లేస్తుంటే సర్దబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. తిరుగుతున్నది తిరిగి రానీ. నలభై దాటిన ఆడమనిషి, పదోతరగతి పాసై డిగ్రీ చదివే కూతురున్న తల్లి, ఇలాంటి ఆలోచన చేసినందుకు తనలో తానే సిగ్గుపడింది. కానీ చీపురు మాత్రం బండి చుట్టూ మెల్లగా, చప్పుడు కాకుండా ఊడ్చింది.

సాయంత్రం జ్వరం మళ్ళీ ఎక్కింది. రాచయ్య కళ్ళు మూసుకునే కుడిచెయ్యి దుప్పటి బయటపెట్టి గేరు మార్చినట్టు కదిపాడు.

"రోడ్డు మంచిగుంది గుండమ్మా."

"ఏ రోడ్డు?"

"గిదే. రెండు దిక్కుల చెరుకు. ఎంత దూరం పోయినా చెరుకే."

ఆమె గుడ్డ పిండుతూ పిండుతూ ఆగింది. "ఇంకేమున్నది?"

"నీళ్ళున్నయి. పెద్ద నీళ్ళు. ఆ ఒడ్డు కనిపిస్తలేదు." పెదాలు ఎండిపోయి ఉన్నా అతని ముఖంలో అలసట లేదు. "నువ్వు జర ఇటు జరుగు, గాలొస్తది."

గుండమ్మ నిజంగానే మంచం పట్టె మీద కాస్త జరిగింది. అతని పక్కన బండిలో ఆమె ఎన్నిసార్లు కూర్చుందో వేళ్ళ మీద చెప్పొచ్చు. అన్నీ ఆసుపత్రికో, చావుకో. మనిషి జ్వరంలో కలవరిస్తుంటే తనకు సంతోషం కలుగుతోందని గ్రహించి ఆమెకు భయం వేసింది. అయినా ఇంకో మాట కోసం కాచుకుని కూర్చుంది.

నేహా వచ్చి మెసేజ్‌లు చదివింది. నల్దుర్గ్, సోలాపూర్, సాయంత్రం కొట్టిన సోలాపూర్ అవతలి గేటు. దాని కింద ఇంకొకటి: టోల్ ట్యాగ్‌లో డబ్బులు అయిపోవచ్చాయి, వెయ్యకపోతే గేటు తెరుచుకోదు.

*

గాంధీ గంజ్‌లో కందుల కాలం. దుకాణాల ముందు కుప్పలు, కుప్పల మధ్య మనిషి పట్టేంత దారి. హమాలీలు వీపు మీద బస్తాతో పరుగులాంటి నడక నడుస్తున్నారు. గుండమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని రాచయ్య ఎప్పుడూ సరుకు ఎక్కించుకునే శివరాజ్ సావుకారు అడ్తి దుకాణంలోకి వెళ్ళింది. ట్యాగ్‌లో డబ్బులు వేసేది ఆ దుకాణం గుమాస్తా సంగమేష్. రాచయ్య కిరాయిలో పట్టుకుని తన ఫోను నుంచి వేస్తాడు. నాలుగేళ్ళుగా అదే పద్ధతి.

"మొన్ననే ఏసిన గద అక్కా," అన్నాడు సంగమేష్, వేస్తూనే. "బండి నిలబడ్డదని అంటివి. ఎట్ల ఒడిసినయ్?"

"అదే అడుగుదామని వచ్చిన తమ్మీ. గిది సూడు. బండి మా ఇంటి ముందట ఉంది. గంటలేమో గట్ల కొడుతున్నయ్." అని ఫోను ముందుకు పెట్టింది. పెడుతున్నప్పుడు ఆమె ముఖంలో కొంచెం గర్వం కూడా ఉంది, వింతవస్తువు చూపించేవాళ్ళకు ఉండే గర్వం.

సంగమేష్ చదివాడు. చదివి సావుకారు వైపు చూశాడు. శివరాజ్ గద్దె మీద కూర్చుని, ఒక బస్తాలో ఇనుప గొట్టం పొడిచి తీసిన కందులను అరచేతిలో పోసుకుని ఊదుతున్నాడు. పొట్టు ఎగిరింది. గింజలు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి పోసుకున్నాడు. ఫోను అందుకోలేదు, తల వంచి చూశాడు.

"జ్వరమన్నవు."

"జ్వరమే సావుకార్. లేస్తలేడు."

"రాచయ్య లేస్తలేడు. బండి మాత్రం సోలాపూర్ తిరుగుతాంది."

అప్పుడు గాని గుండమ్మకు తాను ఏం చేసిందో అర్థం కాలేదు. "అయ్యో, బండి ఎక్కడికి పోలే సావుకార్. ఒట్టు. మనిషిని పంపుండ్రి, సూసి వస్తడు."

"ఇయ్యాల ఇంటి ముందట ఉంటది, రేపు ఉండదు. నేను కావలి పెట్టాల్నా?" శివరాజ్ గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేదని ఆమెకు అనిపించింది. "సీజన్ల నా లోడ్ తప్ప ఇంకోనిది ఎక్కించనని రాచయ్య నా ముందట నిలబడి చెప్పిండు. కాయితం రాసుకోలే. వాని మాట మీదనే వేరే బండ్లు వద్దన్న. జ్వరమని చెప్పి బండి కిరాయికి ఇచ్చుకుంటే నేనేమనాలె?"

"మా నాయిన మీద ఒట్టు..."

"మిషన్‌కు నా మీద పగ లేదు, నీ మీద ప్రేమ లేదు గుండమ్మా. అది ఉన్నదే చెప్తది."

చుట్టూ ఉన్నవాళ్ళు వింటున్నారు. ఒక హమాలీ బస్తా దింపి అక్కడే నిలబడ్డాడు. గుండమ్మ ఫోను తీసుకుని, తన ఫోనే అయినా దొంగ సొమ్ములా కొంగులో దాచుకుని బయటికి వచ్చింది. బజారంతా తన వెనకే చూస్తున్నట్టుంది. ఎవరూ చూడటం లేదు నిజానికి, అందరికీ కందుల గొడవే. ఆమెకు ఆ సంగతి తెలియదు.

ఇంటికొచ్చి చెప్పకూడదనుకుంది. చెప్పేసింది. రాచయ్యకు ఆ పూట జ్వరం కాస్త దిగింది, అందువల్ల మాట సూటిగా తగిలింది. దుప్పటి తోసేసి లేచి నిలబడ్డాడు. రెండడుగులు వేసి గోడ పట్టుకున్నాడు.

"నేను అబద్ధం ఆడిన్నంటనా?"

"గట్లనే అన్నడు."

"గంజ్‌ల నిలబడి అన్నడా? అందరి ముందట?"

ఆమె తలూపింది. రాచయ్య కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. జ్వరం నీళ్ళో, అవమానమో, ఆమె అడగలేదు. పట్టుకుని మంచం మీద కూర్చోబెట్టింది. కోపం మాత్రం ఆమెకే వచ్చింది, అదీ ఎవరి మీద చూపించాలో తెలియని కోపం. విసురుగా వాకిట్లోకి వెళ్ళి, నిన్నంతా ముట్టడానికి భయపడ్డ తాడిపత్రిని రెండు చేతులా లాగి పారేసింది. కోడి అరుచుకుంటూ లేచింది.

బండి బండిలాగే ఉంది. ముందటి అద్దం కొత్తది. జ్వరం వచ్చిన రోజే వేయించాడు. లారీ టైరు కింది రాయి ఎగిరి పాత అద్దం మూల పగిలితే నౌబాద్ రోడ్డులో మోసెస్ దుకాణంలో మార్పించుకుని వచ్చి, ఆ రాత్రే మంచం ఎక్కాడు. గుండమ్మ ఆ అద్దాన్ని ఇప్పుడే సరిగా చూస్తోంది. చాలా శుభ్రంగా ఉంది. ఆ శుభ్రతలోనే ఏదో లోటుంది. పెళ్ళికొచ్చిన ముత్తైదువ బోసినుదురుతో కనిపిస్తే ఎలా ఉంటుందో అలా ఉంది. ఆమె చూపు అద్దం పైభాగానికి, నడిమధ్యకు పోయింది.

బొట్టు లేదు. బొట్టు పెట్టే కాగితమూ లేదు.

ప్రతి అమావాస్యకు బండి కడిగి, కొబ్బరికాయ కొట్టి, చక్రాలకు, స్టీరింగుకు కుంకుమ పెట్టాక గుండమ్మ లోపలికెక్కి ఆ టోల్ ట్యాగ్ స్టిక్కరుకు కూడా ఒక బొట్టు పెట్టేది. రాచయ్య నవ్వేవాడు. "గేటు దేవునికా?" అనేవాడు. "ఆయన తెరిస్తెనే గద నువ్వు ఇంటికొచ్చేది," అనేది ఆమె. బొట్టు మీద బొట్టు పడి ఆ కాగితం ఎర్రగా గట్టిపడి పోయింది. అది పాత అద్దానికే ఉండిపోయింది. మరి పాత అద్దం ఎక్కడుంది?

మోసెస్‌కు నేహా ఫోను కలిపింది.

"పారేసేదే అక్కా అది," అన్నాడు మోసెస్. "మూలకు గింత పగిలింది, అంతే. చింతకి ఊరి హనుమంతుకు గదే బండి ఉన్నది, పాతది. వాని అద్దం మొత్తం పోయింది. చాయ్ పైసలకు ఇచ్చిన, వాడే బిగించుకున్నడు. ఏమాయె? ట్యాగ్ ఉండెనా దాని మీద? అరే! బొట్లు కనిపిస్తే ఏదో దేవుని పటమనుకున్న. గీకలే." నిజంగా నొచ్చుకున్నాడు. హనుమంతు నంబరు ఇచ్చాడు.

హనుమంతు ఫోను స్విచాఫ్. మోసెస్ ఇచ్చిన రెండో నంబరుకు చేస్తే ఒక ఆడగొంతు పలికింది. గుండమ్మ మాటలన్నీ కూడబెట్టుకుని ఉంది. మా ట్యాగ్ మీద తిరుగుతున్నరు, మా మర్యాద పోయింది, సిగ్గులేదా అని. మంచం మీద రాచయ్య కూడా వినేలా స్పీకరు పెట్టింది.

"హనుమంతు ఇల్లేనా?"

"ఔనమ్మా, నేను ఆయన ఇంటామె, భీమవ్వను. ఆయన లేడు. చెరుకు కొట్టనీకి పోయినోళ్ళను తోలుకరానీకి పోయిండు, ఇందాపూర్ అవతలికి. మా వాడకట్టోళ్ళే. ముకద్దం, గదే కూలోళ్ళ మేస్త్రి, హిసాబ్ చెయ్యక రెండు దినాలు ఆపిండంట. రేపు ఎల్తరు." ఆమెకు మాట్లాడేవాళ్ళు దొరికినట్టుంది. "ఫోన్ పాడయింది ఆయనది. ఎవరిదో తీసుకుని నిన్న మాట్లాడిండు. భయపడుకుంట పోయిండమ్మా, ఎప్పుడు గంత దూరం పోలే. గేట్ల కాడ ఏమడుగుతరో, పైసలెంతో అని. ఒక్కడన్న ఆపలేదంట! బండి పోంగనే గేటు దానంతల అదే లేసిందంట."

గుండమ్మ ఫోను మంచానికి ఇంకాస్త దగ్గరగా పెట్టింది.

"మోసెస్ అన్న ఇచ్చిన అద్దం మంచి అద్దం," అంది భీమవ్వ. "దాని మీద ఏదో కాయితం ఉంటే మా ఆయన గీకబోయిండు. నేనే వద్దన్న. ఎవరో తల్లి కుంకుమ పెట్టి మొక్కిన అద్దం, గీకితే పాపం తలుగుతదన్న. సూడు, గదే కాపాడింది. వచ్చేటప్పుడు పిల్లలుంటరు, ముసలోళ్ళుంటరు. ఒక బాలింత ఉంది, చెరుకుతోటలనే కాన్పయింది. గేటు కాడ నిలబెట్టి సామాన్ల బండిల మనుషులేందని పోలీసోళ్ళు దింపితే ఏడికి పోవాలె? చేతుల డీజిల్ పైసలే ఉన్నయి. నువ్వెవరమ్మా?"

గుండమ్మ రాచయ్య వైపు చూసింది. అతను పైకప్పు చూస్తున్నాడు.

"ఎవ్వరం లే అవ్వా," అంది. "మంచిగ రానీ." ఫోను పెట్టేసింది.

*

మర్నాడు పొద్దున రాచయ్యకు జ్వరం లేదు. గంజి తాగాడు. తాగి, గిన్నె కింద పెట్టి, రాత్రంతా ఆలోచించి పెట్టుకున్న మాట చెప్పాడు.

"సంగమేష్ కాడికి పోయి ట్యాగ్ బందు జేయించు. సావుకార్ ముందటనే. అప్పుడు నమ్ముతడు."

"ఇయ్యాల వాళ్ళు తిరిగొస్తుండ్రు."

"రానీ. ఎవని కష్టం వానిది. ముప్పై ఏండ్లల నన్ను గంజ్‌ల ఒక్కడు దొంగ అనలే." ఒక్కసారిగా దగ్గు వచ్చింది. "సీజన్ పోతే వానకాలం దాక బండి తాడిపత్రి కిందనే ఉంటది. నేహా ఫీజు ఉంది. బందు జేయించు పో."

అతను చెప్పిందాంట్లో తప్పేమీ లేదు. అందుకే గుండమ్మ ఎదురు చెప్పలేకపోయింది. వంట ముగించి, చీర మార్చుకుని, కావాలనే నెమ్మదిగా తల దువ్వుకుని, ఎండ నెత్తి మీదికి వచ్చాక బయల్దేరింది. బయల్దేరేలోపు గంట రెండుసార్లు కొట్టింది. నేహా చదివి పెట్టింది: సోలాపూర్ అవతలిది ఒకటి, ఇవతలిది ఒకటి. ఆటో కోసం నిలబడ్డప్పుడు ఇంకోసారి కొట్టింది. అది నల్దుర్గ్ అయి ఉండాలి. ఇక మిగిలింది ఉమర్గా గేటొక్కటే. అది దాటితే హుమ్నాబాద్ దాకా, బీదర్ దాకా, చింతకి దాకా ఎవరూ చెయ్యి అడ్డం పెట్టరు.

ఆటోలో ఆమెకు బండి కనిపించింది. నిన్నటి ఊహల్లోలా ఖాళీగా లేదు. గోనెసంచులు, వంటగిన్నెలు, వాటి మీద వరసగా నిద్రపోతున్న పిల్లల తలలు. ఒక మూల బాలింత పైట కప్పి పసిగుడ్డుకు ఎండ తగలకుండా కూర్చుంది. ముందు అద్దంలోంచి ఎర్రటి బొట్టు మీదుగా హనుమంతు రోడ్డు చూస్తున్నాడు. అతని ముఖం ఎలా ఉంటుందో ఆమెకు తెలియదు కాబట్టి ఊహలో రాచయ్య వయసులో ఉన్నప్పటి ముఖమే వచ్చి కూర్చుంది. చెరుకు ఆకులకు కోసుకుపోయిన చేతులు బండి అంచును పట్టుకుని ఉన్నాయి. ఆటో గుంతలో పడి లేచేసరికి గంజ్ వచ్చింది.

శివరాజ్ సావుకారు భోజనం చేసి వచ్చి గద్దె మీద ఒరిగి ఉన్నాడు. గుండమ్మ అద్దం సంగతంతా చెప్పింది. మోసెస్ అన్న మాట, భీమవ్వ అన్న మాట, ఏదీ దాచలేదు. సావుకారు మొత్తం విన్నాడు.

"కత మంచిగుంది," అన్నాడు. "నిజమే కావచ్చు గూడ. అయితే మంచిదే గద, ఇప్పుడే బందు జేద్దాం. దొంగెవడో గేటు కాడనే దొరుకుతడు. రేపు పొద్దున రాచయ్య బండికే లోడ్."

"పొద్దుమీకేదాక ఆగుండ్రి సావుకార్."

"ఎందుకు ఆగాలె?"

"వాళ్ళ బండ్ల పిల్లలున్నరు. ఇంకొక్క గేటుంది."

శివరాజ్ లేచి కూర్చున్నాడు. "బండి ఇల్లు చేరేదాక ఆగమంటున్నవు. నీ బండి కాకుంటే నీకెందుకంత రంది?" గుమాస్తా వైపు తిరిగాడు. "సంగమేష్, బందు పెట్టు."

సంగమేష్ తన ఫోనులో బ్యాంకు యాప్ తెరిచాడు. ట్యాగ్ తీసుకున్నప్పుడు రాచయ్య సిమ్ములు మారుస్తుంటాడని గుండమ్మ నంబరే ఇచ్చారు. ఏ తాళం తీయాలన్నా ఆమె ఫోనుకే అంకెలు వస్తాయి. "అక్కా, నీకు ఓటీపీ వస్తది. సదివి చెప్పు."

ఫోను ఆమె గుప్పిట్లో ఒకసారి వణికింది. తెర వెలిగింది. ఇంగ్లీషు రాదు గాని అంకెలు ఆమెకు బాగా వచ్చు. వరసగా, స్పష్టంగా, నల్లగా ఉన్నాయి. చదివితే అయిపోతుంది. రేపు పొద్దున బండి మీది నుంచి తాడిపత్రి తీసి మడిచి పెట్టొచ్చు. రాచయ్య గంజ్‌లోకి తలెత్తుకుని రావచ్చు. ఆమె అంకెల వంక చూస్తూ ఉంది.

"వచ్చిందా అక్కా?"

"రాలె తమ్మీ."

సంగమేష్ ఆమె గుప్పిట్లోని వెలుగు చూశాడు. చూసి, తల దించుకుని, మళ్ళీ నొక్కాడు. మళ్ళీ ఫోను వణికింది. ఈసారి అందరికీ వినిపించింది.

"వచ్చింది గద," అన్నాడు శివరాజ్.

"వేరేది సావుకార్. కంపెనీవోళ్ళది."

ఆమెకు అబద్ధం చెప్పడం రాదు. ఫోను తెరను కొంగుకు ఆనించి నొక్కి పట్టుకుంది. నిన్న ఇదే చోట నిలబడి నిజం చెప్పినప్పుడు ఎంత గట్టిగా చెప్పిందో గుర్తొచ్చింది. మూడోసారి నొక్కాక యాప్ మొరాయించింది. "ఇగ ఇయ్యాల కాదు సావుకార్, లాక్ పడ్డది," అన్నాడు సంగమేష్. ఆ మాట అంటున్నప్పుడు అతను సావుకారు వైపూ చూడలేదు, ఆమె వైపూ చూడలేదు.

శివరాజ్ ఆమెను చూశాడు. కోపం లేదు ఆ చూపులో. తాను అనుకున్నదే నిజమని తేలినవాడి తృప్తి, దాని వెనక కొంచెం బాధ ఉన్నాయి. రాచయ్యను అతను ఇన్నేళ్ళు నమ్మాడు మరి.

"రాజేశ్‌కు ఫోన్ చెయ్యి," అన్నాడు గుమాస్తాతో. "రేపటి సంది వాని బండి పెట్టు. సీజనంత."

గుండమ్మ దండం పెట్టి వచ్చేసింది. ఆటో ఎక్కలేదు. కందుల కుప్పల మధ్య నుంచి, దుమ్ములో నుంచి నడిచింది. తాను చేసింది ఎంత పనో ఇప్పుడిప్పుడే తెలుస్తోంది. మూడు నెలల అన్నం అది. ముప్పై ఏళ్ళ పేరు అది. తనది కూడా కాదు, మొగునిది. ఎవరినడిగి పారేసింది? ఊరి పాత దర్వాజా దాటి, మూలమలుపులో చెరుకురసం బండి దగ్గరికి వచ్చేసరికి కొంగులో ఆఖరి గేటు గంట కొట్టింది. ఆమె అక్కడే, నడిరోడ్డు మీద నిలబడిపోయింది. వెనక స్కూటరువాడు హారన్ కొట్టి తిట్టుకుంటూ పోయాడు. ఏడుపు వచ్చింది. దుఃఖంతో వచ్చిందో, లేక ఇన్నాళ్ళలో ఎన్నడూ కలగని ఒక తేలిక వల్ల వచ్చిందో ఆమె తేల్చుకోలేదు, ముఖం తుడుచుకుని నడిచింది.

ఇంటికి వచ్చేసరికి రాచయ్య స్నానం చేసి, ఉతికిన బనియను వేసుకుని మంచం మీద కూర్చున్నాడు. రేపు బండి తీయడానికి తయారుగా ఉన్నవాడిలా ఉన్నాడు.

"బందు జేసిండ్రా?"

"లే."

"ఎందుకు?"

"నంబర్ వచ్చింది. నేను చెప్పలే."

రాచయ్య కాళ్ళు మంచం కిందికి దించాడు. "లోడు?"

"రాజేశ్‌కు ఇచ్చిండు. సీజనంత."

ఆమె గడప దగ్గరే నిలబడింది. తిడతాడని అనుకుంది. తిడితే బాగుండు అనుకుంది. రాచయ్య తిట్టలేదు. కాళ్ళు పైకి తీసుకుని, గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఉతికిన బనియను వెనక వీపు ఎముకలు కనిపిస్తున్నాయి. గుండమ్మ లోపలికి పోయి, పొద్దుటి గిన్నెలు ముందేసుకుని తోమడం మొదలుపెట్టింది. ఒక్కో గిన్నెనూ అవసరానికి మించి తోమింది. వాకిట్లో ఎండ గోడ ఎక్కి, గోడ దాటి పోయింది. నేహా వచ్చి, ఇద్దరి ముఖాలూ చూసి, పుస్తకం తీసుకుని పక్కింటికి పోయింది.

"గుండమ్మా."

గోడవైపు తిరిగే పిలిచాడు.

"ఆఁ."

ఆమె బూడిద చేతులతోనే గది గుమ్మం దాకా వచ్చింది.

"దాటిండ్రా?"

"దాటిండ్రు."

రాచయ్య అటు తిరిగే ఉన్నాడు. కాళ్ళు దగ్గరికి ముడుచుకుని, మంచం మీద ఆమె కూర్చునేంత చోటు చేశాడు.